తర్ఫా ఇంటి పచ్చ బలాలీత్

ఆ శనివారం ఉదయం గానిం వేసుకున్న పథకం చాలా చిన్నది. కింది తొట్టె కడగాలి, మోటారు విప్పి తుడవాలి, ఉపవాసం విడవమని సాయంత్రం పేల్చే ఇఫ్తార్ ఫిరంగి మోగేలోగా చేతులు కడుక్కుని ఖర్జూరాల ముందు బుద్ధిగా కూర్చోవాలి. అంతే. ఇంత చిన్న పథకంలో అంత పెద్ద చిక్కు పడుతుందని ముహర్రక్ పాతవాడలో ఎవరూ అనుకోలేదు. పడింది మామూలు చిక్కు కూడా కాదు, ఆకుపచ్చ చిక్కు.

గానిం సముద్రపు నీళ్ళలోంచి ఉప్పు తీసి ఊరికి మంచినీళ్ళు పంపే కర్మాగారంలో ఇంజనీరు. పగలంతా ఉప్పు తీసే ఉద్యోగం, సాయంత్రం ఉప్పు కలిపే ఉబలాటం. ఇంటికి రాగానే ఉప్పు బస్తా విప్పి, పొద్దున తాను శుద్ధి చేసి పంపిన నీళ్ళలోనే కలిపి, అతిథులు కూర్చునే మజ్లిస్ గోడ పొడుగునా నిలబెట్టిన గాజుతొట్టెలో సముద్రం తయారుచేసేవాడు. అందులో పగడాలు పెంచేవాడు. భార్య పేరు లూల్వా, అంటే ముత్యం. ఇంట్లో ముత్యాన్ని పెట్టుకుని పగడాల వెంటపడే మగవాణ్ణి ఏ ఇల్లాలు క్షమిస్తుంది?

కానీ ఒక్కమాట ఒప్పుకోవాలి. ఆ పగడాలు బాగున్న రోజుల్లో చూసినవాళ్ళు నోరు మూయడం మరిచిపోయేవారు. ఒకటి పిడికిలిలా ముడుచుకుని, దీపం వెలగగానే వేళ్ళన్నీ విప్పేది. ఒకటి గాలి లేకుండానే ఊగేది. ఊదారంగు కొమ్మ ఒకటి ఏడాదికి బొటనవేలంత పెరిగేది, గానిం దాన్ని చూసి ఏడాదంతా పెరిగేవాడు. వాటి మధ్య పసుపుపచ్చ చేప ఒకటి ఇంటి యజమానిలా తిరిగేది. అలసిపోయి వచ్చిన మనిషి ఆ తొట్టె ముందు కాసేపు కూర్చుంటే, లోపలి అలజడి ఇసుకలా కిందికి దిగిపోయేది.

ఆ ఏడు రంజాన్ మొదలయ్యాక మాత్రం తొట్టెకు ఏదో దిష్టి తగిలింది. గాజుకు గోధుమరంగు పాచి పట్టింది. తుడిస్తే మర్నాటికి మళ్ళీ పట్టేది. పగడాలు విప్పిన వేళ్ళు ముడుచుకున్నాయి. చేపలు తిన్నదీ, తినక వదిలిందీ, తిని వదిలిందీ అంతా ఆ నీళ్ళలోనే కరుగుతుంది. పరీక్షించి చూస్తే నైట్రేటు నైటూ పగలూ లేకుండా రేటు పెంచుకుంటూ పోతోంది, ఫాస్ఫేటు పెరిగినకొద్దీ పగడాల ఫేటు మారిపోతోంది. గానిం వేసే మేత పెరగలేదు, చేపల లెక్కా పెరగలేదు. మరి ఇంత మురికి ఎక్కణ్ణుంచి వస్తోందో అతనికి అంతుబట్టలేదు.

లూల్వాకు అంతుబట్టాల్సిన అవసరమే లేదు. "చూడు గానిం, ఈద్‌కు మా పుట్టింటివాళ్ళంతా వస్తున్నారు. ఆ రోజుకి ఈ గాజులోంచి చేప కనిపిస్తే తొట్టె ఉంటుంది. కనిపించకపోతే తొట్టె పోతుంది, ఆ గోడకు సోఫా వస్తుంది. కొలతలు కూడా తీసుకున్నాను" అంది.

"కొలతలా? ఎప్పుడు తీశావు?"

"పెళ్ళయిన కొత్తలో."

గానింకు మిగిలిన ఆశ ఒక్కటే, తొట్టె కింది అరలో ఉన్న నాచు. దాని పేరు పూర్తిగా పలికేలోపు ఇఫ్తార్ వేళ దాటిపోతుంది కనక పెంచేవాళ్ళంతా ముద్దుగా కీటో అంటారు. ఈ కీటోతో చిక్కిపోయేది మనిషి కాదు, నీళ్ళలోని మురికి. చూడడానికి గాలానికి వాడే సన్నటి దారం చిక్కుపడి ముద్దయినట్టు ఉంటుంది. వేరు లేదు, ఆకు లేదు, పువ్వు లేదు, ఏ గొప్పా లేదు. కింది తొట్టెలో తనకంటూ ఒక దీపం పెట్టించుకుని, ఆ వెలుగులో మెల్లగా దొర్లుతూ, పైనుంచి దిగే మురికినంతా తిని తెల్లటి నీళ్ళను పైకి పంపుతుంది. పైన గాజుకు పట్టే పాచికీ, కింద దొర్లే ఈ నాచుకీ తిండి ఒకటే. నాచు ముందు తినేస్తే పాచికి పస్తు. పాచి పాచికలేవీ పారవు. ఎదిగిన నాచును పిడికెడు తుంచి బయటపడేస్తే, ఆ పిడికెడు మురికీ ఇల్లు వదిలిపోయినట్టే. ఇంత చాకిరీ చేసి కూడా ఎవరి కంటా పడకుండా అరలో కూర్చునే జీవిని చూస్తే గానింకు చేతులు జోడించాలనిపించేది.

విత్తనంగా చారెడు నాచు ఇచ్చింది రిఫాలో ఉండే స్నేహితుడు. ఆ తర్వాత మోటారు ఆగిపోయి అతని నాచంతా కుళ్ళిపోయింది. ఇప్పుడు అతనే గానిం దగ్గర చారెడు విత్తనానికి కాచుకుని ఉన్నాడు. అంటే ఇది పోతే మళ్ళీ దొరకదు. నాచు పోతే పగడాలు పోతాయి, పగడాలు పోతే సోఫా వస్తుంది. సోఫాకు దీపం వేసినా వేళ్ళు విప్పదు.

మోటారు విప్పడం పొద్దున మొదలైంది, బిగించడం సాయంత్రానికి గానీ కుదరలేదు. ఈలోగా నాచును ఎక్కడ ఉంచాలి? సబ్బు తగిలితే చస్తుంది. బకెట్లన్నీ సబ్బువే. ఇంట్లో సబ్బు ఎరగని పాత్ర ఒక్కటే ఉంది. తల్లి తర్ఫా పెళ్ళినాటి గులాబీల మూతగిన్నె. దాన్ని ఆమె నిమ్మతొక్కతో తప్ప దేనితోనూ తోమనివ్వదు. తడి ఆరకుండా ఉంటే ఆ నాచు ఒక పూట బతికేస్తుంది. గానిం ముద్దను గిన్నెలో పెట్టి, మూత పెట్టి, చల్లగా ఉంటుందని వంటింటి గట్టు మీద ఉంచాడు. రంజాన్ సాయంత్రం వంటింటి గట్టు మీద మూత పెట్టిన గిన్నె ఉంచడం ఎలాంటిదో, వాహనాలు కదలబోయే వేళ టాక్సీల వరసలో సొంత కారు నిలపడం అలాంటిది. ఎవరో ఒకరు ఎక్కేస్తారు.

ఆ వాడలో పక్కింటికి పళ్ళెం వెళ్ళకుండా ఏ ఇంట్లోనూ ఇఫ్తార్ కాదు. ఇచ్చేవాళ్ళు తమ వంటను తామే తిట్టుకుంటూ ఇవ్వాలి, అది మర్యాద. పుచ్చుకునేవాళ్ళు అక్కడికక్కడే మూత తీసి చూడకూడదు, అదీ మర్యాదే. వచ్చిన పాత్ర ఖాళీగా తిరిగి వెళ్ళకూడదు, అది మర్యాదను మించినది. పైగా అందరూ ఉపవాసం. ఫిరంగి పేలేదాకా ఎవరూ ఏదీ రుచి చూడరు. కనక ఆ ఒక్క గంటసేపు ముహర్రక్ వీధుల్లో ఏ పళ్ళెంలో ఏముందో దేవుడికే తెలియాలి.

తర్ఫా సంగతి వేరే చెప్పాలా? ఆవిడ మాంసం వేసి మెత్తగా ఉడికించే హరీస్ కోసం గోధుమలే క్యూ కడతాయని వాడలో ప్రతీతి. ఆ ఇంట్లో అడుగుపెట్టిన ప్రాణి తినకుండా బయటికి పోవడం జరగదు. కరెంటు మీటరు చూడడానికి వచ్చినవాడు కూడా మీటరు మరిచిపోయి, కడుపు చూసుకుంటూ వెళ్ళేవాడు. ఏటా హరీస్‌ను గులాబీల గిన్నెలోనే పంపడం అలవాటు. ఆ సాయంత్రం గట్టు మీద గిన్నె కనిపించింది, కోడలు హరీస్ తీసి పెట్టిందనుకుంది. అబాయా వేసుకుని, గిన్నె పట్టుకుని పక్కింటి ఉమ్ ఫవాజ్‌కు ఇచ్చి, "ఏదో ఉడికింది, గోడకు పూసుకో" అని మర్యాదగా తిట్టుకుని వచ్చేసింది. వచ్చి గదిలో ఖురాన్ చదువుకుంటూ కూర్చుంది.

తొట్టె బిగించి, తడిచేతులతో వంటింట్లోకి వచ్చిన గానిం ఖాళీ గట్టును చూశాడు. పక్కన కుండలో హరీస్ చెక్కుచెదరకుండా ఉంది.

"లూల్వా! గులాబీల గిన్నె ఏదీ?"

"అత్తయ్య ఉమ్ ఫవాజ్‌కు ఇచ్చొచ్చారు. ఏం, మొహం అలా పాలిపోయింది? దాహమా?"

నిజం చెబితే సోఫా ఇవాళే వచ్చేస్తుంది. "ఆ... దాహమే" అంటూ గానిం చెప్పులు వేసుకుని వీధిలో పడ్డాడు. నాచు మీద కాలు జారినవాళ్ళు లోకంలో చాలామంది ఉన్నారు. నాచే చేజారినవాడు అతనొక్కడే.

ఉమ్ ఫవాజ్ వితంతువు, దర్జీ, మాటల మిషను. తలుపు తీస్తూనే, "రా నాయనా! మీ అమ్మ చేతులకు బంగారు కడియాలు చేయించాలి! బలాలీత్‌లో కూడా కొత్త రకం కనిపెట్టింది కదూ!" అంది.

"బలాలీత్ ఏమిటి ఖాలా?"

"అదే, పచ్చరంగు తీపి సేమ్యా! తర్ఫా వెళ్ళాక మూత తీసి చూస్తే కళ్ళు చల్లబడ్డాయి. అంత సన్నటి సేమ్యా ఎక్కడ దొరికిందో! కొత్తిమీర వేసిందా, పిస్తా వేసిందా?"

గానిం గొంతు సవరించుకున్నాడు. "ఖాలా, అది తినేది కాదు."

"అందరూ అలాగే అంటారులే. నిరుడు మీ అమ్మ లడ్డూలు పంపుతూ 'పిల్లలు గోళీలు ఆడుకోవడానికి' అంది. దవడలు నొప్పెట్టేదాకా తిన్నాను."

"వినయం కాదు ఖాలా, ఒట్టు! అది నాచు! తొట్టెలో మురికి తింటుంది!"

ఉమ్ ఫవాజ్ కళ్ళు చెమర్చాయి. "ఈ కాలంలో ఇంత వినయమున్న కుర్రాళ్ళు ఎక్కడున్నారు? తల్లి వంటను ఇంతగా తిట్టినవాణ్ణి నేను చూడలేదు. దేవుడు చల్లగా చూడాలి నిన్ను."

"సరే ఖాలా, ఆ గిన్నె ఒక్కసారి..."

"ఇదిగో గిన్నె. ఖాళీగా పంపుతానా?" అంటూ గులాబీల గిన్నె చేతిలో పెట్టింది. అందులో వేడివేడి లుగైమాత్, ఖర్జూరపు పాకంలో తేలుతున్న గుండ్రటి బూరెలు. "మీ అమ్మతో అనకు నాయనా, ఆ సేమ్యా నా కట్టుడుపళ్ళకు పట్టదు. మంచి వస్తువు, నా దగ్గర పాడైపోవడం ఎందుకని, తర్ఫా చేసిందని చెప్పి నీలం పళ్ళెంలో సర్ది సనద్ మాస్టారింటికి ఇచ్చొచ్చాను. మీ అమ్మ అడిగితే వేళ్ళు నాక్కున్నానని చెప్పు."

బూరెలు మోసుకుంటూ గానిం నాలుగిళ్ళ అవతలికి పరుగెత్తాడు. సనద్ మాస్టారు ఉద్యోగం నుంచి విరమించారు గానీ పాఠం నుంచి విరమించలేదు. గుమ్మంలోనే పట్టుకున్నారు.

"రా గానిం, కూర్చో. మీ ఇంటి నుంచి ఉమ్ ఫవాజ్ ద్వారా వచ్చిన ఆ పదార్థం వాసన చూశావా? ఏం వాసన?"

"నాచు వాసన ఉస్తాద్."

"తప్పు. సముద్రం వాసన! అంటే ఏమిటి? పూర్వం ముత్యాల వేటకు పడవలెక్కి నెలల తరబడి సముద్రంలో ఉండేవాళ్ళు ఇదే తినేవారన్నమాట. మరుగున పడిపోయిన వంటకం. మీ అమ్మగారు బతికించారు. నేను మొత్తం సిద్ధాంతం అల్లేశాను."

"ఉస్తాద్, నా మాట వినండి. అది వంటకం కాదు. గడ్డి."

మాస్టారు వేలు పైకెత్తారు. "వినయం! నా దగ్గర చదివినవాడివి కదా, ఆమాత్రం ఉండాలి."

"పోనీ గడ్డేననుకుని నాకు ఇచ్చేయండి!"

"ఎలా ఇస్తాను? నాకేమో షుగరు. బలాలీత్ అంటే తీపి కదా. ముత్యాల పడవల వంటకం తినే అర్హత పడవల నాయకుడి మనవడికి తప్ప ఎవరికుంది? గాజుపాత్రలోకి మార్చి బూ నవ్వాఫ్ ఇంటికి పంపాను." మాస్టారు కాస్త ఇబ్బందిగా దగ్గారు. "అంటే... మా ఇంటి నుంచే అని పంపాను. వచ్చిన పళ్ళేన్ని పంపామని చెబితే బాగుండదుగా. నువ్వు మధ్యలో దూరి చెప్పకు. ఉత్తచేతులతో పోతావా? సరీద్ తీసుకెళ్ళు."

సరీద్ అంటే రొట్టెముక్కలు మాంసం పులుసులో నానబెట్టి గుట్టగా పోసింది. ఆ గుట్ట ఒక చేతిలో, బూరెల గిన్నె ఇంకో చేతిలో. గానిం వీధిలో అడ్డంగా నడుస్తుంటే, ఎదురైనవాళ్ళంతా దారిచ్చి, "తల్లి పళ్ళేలు తనే మోస్తున్నాడు, కొడుకంటే వీడు" అని దీవించారు. దీవెనలు పెరుగుతున్నాయి, నాచు దూరమవుతోంది. గిన్నెల బరువు చేతుల మీదా, గిన్నెలో లేనిదాని బరువు గుండెల మీదా పడుతోంది.

బూ నవ్వాఫ్ వాడకు పెద్ద. ఆయన తాత ముత్యాల పడవలు నడిపినవాడు. మనవడు మజ్లిస్ నడుపుతున్నాడు. ఆయన పేరులో నవ్వు ఉంది కానీ, ఎప్పుడూ ఆఫ్ అయ్యే ఉంటుంది. ఆయన నవ్వగా చూసినవాళ్ళెవరూ వాడలో బతికిలేరని చెప్పుకుంటారు. గానిం వెళ్ళేసరికి మెత్తల మధ్య రాజులా కూర్చుని ఫిరంగి కోసం ఎదురుచూస్తున్నారు.

"బూ నవ్వాఫ్, మాస్టారింటి నుంచి మీకొక గాజుపాత్ర వచ్చిందట."

"వచ్చింది."

"అది... అది తినేది కాదండి."

రెండిళ్ళలో వినయమైన మాట మూడో ఇంట్లో నేరమైంది. బూ నవ్వాఫ్ కనుబొమ్మలు గుమ్మటాల్లా లేచాయి. "చదువు చెప్పిన గురువు ఇంటి వంటను, రంజాన్ నెలలో, నా మజ్లిస్‌లో నిలబడి, తినేది కాదంటావా?"

"అయ్యో, అలా కాదు. అది మురికి తినే పాచిలాంటిది..."

"పాచి!" ఆయన గొంతుకు గోడ మీది కత్తులు కదిలాయి. "మీ నాన్న నోట ఏ ఇంటి వంట గురించీ చెడ్డమాట వినలేదు నేను. నీకేమైంది? ఎండదెబ్బా?"

గానిం తల వంచాడు. చేతిలో సరీద్ గుట్ట కూడా ఒక పక్కకు వంగింది. "తప్పయిపోయింది. ఆ పాత్ర ఒక్కసారి చూపిస్తారా?"

బూ నవ్వాఫ్ కాసేపు గడ్డం నిమురుకున్నారు. తర్వాత గొంతు తగ్గించారు. "చూపించడానికి ఇక్కడుంటే కదా. మా తాత పడవ మీద తిన్నదని కబురు పంపాడు మాస్టారు. నేను తిని బాగుందంటే ఎలా వండుతారని అడుగుతారు, బాగులేదంటే తాతకు అవమానం. రుచి తేల్చగల నాలుక ఈ వాడలో ఒక్కటే ఉంది. మా ఆవిడచేత ఇత్తడి పళ్ళెంలో సర్దించి, వెనకదారిన మీ అమ్మకు పంపాను. మా ఇంటి వంటకమనే చెప్పమన్నాను."

మూడు గడపలు దాటి, నాలుగు పాత్రలు మారి, ఆ నాచు గానిం ఇంటికే నడిచి వెళ్ళింది. దాని వెంట పరుగెత్తినవాడు మాత్రం ఊరంతా తిరిగాడు. వెనుదిరిగి గుమ్మం దాటబోతుంటే, "ఉత్తచేతులతో పోకు" అని చేపల అన్నం పళ్ళెం ఒకటి సరీద్ మీద నిలబెట్టించారు.

అతను వీధి మలుపు తిరిగేసరికి ఫిరంగి పేలింది. ఉపవాసం విడవడానికి చేతులు ఖాళీ లేవు. పై పళ్ళెం మీదికి మెడ సాచి, చేపల అన్నంలోంచి ఒక ఎండుద్రాక్షను పెదాలతో అందుకుని, కొంగలా మింగి, పరుగు తీశాడు.

ఇంట్లో తర్ఫా మొహం దీపంలా వెలుగుతోంది. బూ నవ్వాఫ్ ఇంటి నుంచి ఇత్తడి పళ్ళెం రావడం అంటే మాటలా! ఆయన ఇంటి పళ్ళెం ఈ గుమ్మం తొక్కడం ఇదే మొదటిసారి. ఖర్జూరం తిని, నీళ్ళు తాగి, ముందు పెద్దమనిషి పంపింది రుచి చూడాలని మూత తీసింది. పచ్చగా, సన్నగా, మెరుస్తూ ఏదో ఉంది. ఒక చేతిలోకి నిమ్మచెక్క తీసుకుంది.

"ఉమ్మా! నిమ్మకాయ పిండకు!" అని గుమ్మంలోంచి కేక. "అది తినకు! అది నాచు!"

తర్ఫా నిమ్మచెక్క కింద పెట్టింది గానీ, మొహం గంటు పెట్టుకుంది. "సిగ్గులేదురా? పెద్దలు పంపినదాన్ని అలా అంటారా?" అని, కొడుకు చేసిన అపచారానికి పరిహారంగా ఇంత తీసుకుని నోట్లో పెట్టుకుంది. నమిలింది. ఇంకా నమిలింది. గానిం పళ్ళేలతో సహా కొయ్యబారిపోయాడు. ఎంత నమిలినా తరగని ఆ పదార్థాన్ని తర్ఫా పట్టుదలగా మింగి, తలముసుగు కొసతో పెదాలు ఒత్తుకుని తీర్పు చెప్పింది.

"ఉప్పు సరిపోయింది."

లూల్వా కూడా తీసుకుందామని వంగింది. వంగినది అలాగే ఆగిపోయింది. ముద్దలోంచి ఆవగింజంత రొయ్యపిల్లలాంటిది ఒకటి బయటికొచ్చి, ఇత్తడి అంచు మీద అటూ ఇటూ చూసి, షికారుకు బయలుదేరింది.

"అత్తయ్యా," అంది లూల్వా మెల్లగా, "బూ నవ్వాఫ్‌గారి వంటకం నడుస్తోంది."

ఇక దాచేది లేదు. గానిం పళ్ళేలు దించి జరిగిందంతా చెప్పాడు. చెబుతూనే ముద్దను ఉప్పునీళ్ళలో జాడించాడు. అది పోతే తొట్టె పోతుందని, కళ్ళలో నీళ్ళు తిరుగుతుండగా దాన్ని కింది అరలో వదిలి దీపం వెలిగించాడు. ఆ కళ్ళలో నీళ్ళు చూసి లూల్వా సోఫా మాట ఎత్తకుండా ఊరుకుంది. ఊరుకోవడం ఆమెకు అలవాటు లేని పని కనక, పళ్ళెం అంచు మీద షికారు చేస్తున్న రొయ్యపిల్లను చెంచాతో ఎత్తి, తనే తీసుకొచ్చి నీళ్ళలో వదిలింది. "పాపం, దీని ఇల్లు ఇదేగా" అంది.

"అసలు ఈ మురికి ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియక చస్తున్నాను" అన్నాడు గానిం. "నేను వేసేది చిటికెడు మేత. ఇంత నైట్రేటు రావడానికి వీల్లేదు."

తర్ఫా మొదటిసారి కళ్ళు దించుకుంది. "నేనే పెడుతున్నారా. ఉపవాసం మనకు గానీ వాటికెందుకు? రోజూ సాయంత్రం నీ కంట పడకుండా తలా కాస్త హరీస్ వేస్తున్నాను. పసుపుది చాలా ఇష్టంగా తింటుంది."

గానింకు కోపం రావాలి. రాలేదు. అతనికి మొత్తం దారి కళ్ళకు కట్టింది. తల్లి పెట్టిన హరీస్ చేపల కడుపులోకి, చేపల కడుపులోంచి నీళ్ళలోకి, నీళ్ళలోంచి నాచులోకి, నాచు మూడిళ్ళు తిరిగి మళ్ళీ తల్లి నోట్లోకి. ఆవిడ పంపిన పళ్ళెం సముద్రం కూడా ఖాళీగా తిప్పి పంపలేదు!

అప్పుడే ఫోన్ మోగింది. ఉమ్ ఫవాజ్. "తర్ఫా, నీ బలాలీత్! వేళ్ళు నాక్కున్నాననుకో!" తర్ఫా "అలాగా తల్లీ, నీ పళ్ళు గట్టివి" అంది. తర్వాత సనద్ మాస్టారు. "అమ్మా, ఒక్క పోగు మిగల్చలేదు. మోకాళ్ళు కూడా తేలిగ్గా ఉన్నాయి." చివరికి బూ నవ్వాఫ్, గంభీరంగా, "మా ఇంటి పళ్ళెం ఎలా ఉంది?" తర్ఫా ముగ్గురికీ దీవెనలు చెప్పి ఫోన్ పెట్టేసింది. పెట్టేసి కొడుకు వైపు చూసి, "ఈ ముద్ద ఈద్ దాకా బతికి తీరాలి. నాకు దీంతో పనుంది" అంది.

నాచు ఎలాంటిదంటే, నాలుగు పాత్రలు మారినా, ఇత్తడిలో పడుకున్నా, నోటిదాకా వెళ్ళినా పట్టించుకోలేదు. రెండు రోజులు బెంగపడినట్టు పాలిపోయి, తర్వాత మెల్లగా దొర్లడం మొదలుపెట్టింది. తర్ఫా దొంగ హరీస్ మానేసింది. బదులుగా రోజూ అర ముందు కూర్చుని, తన వంటను తినిపెట్టే కొత్త కోడల్ని చూసినట్టు నాచును చూసేది. ముద్ద పెరిగింది. గానిం పిడికెడు తుంచి రిఫా స్నేహితుడికి ఇచ్చాడు, ఇంకో పిడికెడు తుంచాడు, మళ్ళీ పెరిగింది. గాజు మీద పాచి పలచబడి, చిరిగి, ఒక ఉదయం పూర్తిగా కనిపించకుండా పోయింది. పగడాలు ఒక్కొక్క వేలే విప్పాయి. ఊదారంగు కొమ్మ చివర లేత తెలుపు వచ్చింది, అంటే పెరుగుతోందన్నమాట. లూల్వా ఆ గోడ పక్కనుంచి వెళుతూ వెళుతూ ఆగి, చాలాసేపు నిలబడి, "లైటు ఇంకాస్త ముందుగా వెయ్యవేం?" అని మొగుణ్ణి కసిరింది. గానింకు అది పెళ్ళినాటి మాటలకంటే తీయగా వినిపించింది.

ఈద్ నాడు మజ్లిస్ కిక్కిరిసింది. లూల్వా పుట్టింటివాళ్ళు తొట్టె ముందు నుంచి కదలలేదు. "ఇదేమిటి, ఆ రంగేమిటి, అది ఊగుతోందేమిటి" అని అడుగుతుంటే లూల్వా జవాబులు చెబుతోంది. నైట్రేటు అంటోంది, ఫాస్ఫేటు అంటోంది, ఆ మాటలు తాను పుట్టినప్పటి నుంచీ అంటున్నట్టే అంటోంది. గానిం ఒక మూల నిలబడి, భార్యవైపూ పగడాలవైపూ మార్చి మార్చి చూస్తున్నాడు. ముత్యమూ పగడమూ ఒకే గోడకు కలిశాయి. ఇంకేం కావాలి?

ఉమ్ ఫవాజ్, సనద్ మాస్టారు, బూ నవ్వాఫ్ ముగ్గురూ ముందువరసలోనే ఉన్నారు.

"ఇంత అందమూ దేనివల్లో తెలుసా?" అంది లూల్వా, అత్తయ్య సైగ అందుకుని కింది అర తలుపు బార్లా తీస్తూ. "దీనివల్ల. పైన మురికంతా తినేది ఇదే."

దీపపు వెలుగులో ఆకుపచ్చ ముద్ద మెల్లగా దొర్లుతోంది. సన్నగా, మెరుస్తూ, చిక్కు చిక్కుగా.

ఉమ్ ఫవాజ్ చేతిలో బూరె నోటిదాకా వెళ్ళి ఆగింది. సనద్ మాస్టారు పాఠం చెప్పడానికి నోరు తెరిచి, పాఠం దొరక్క మూశారు. ఉమ్ ఫవాజ్ మాస్టారి వైపు చూసింది. మాస్టారు బూ నవ్వాఫ్ వైపు చూశారు. బూ నవ్వాఫ్ తర్ఫా వైపు చూశారు. ఒక్క పోగు మిగల్చనివాళ్ళంతా ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. తినలేదని ఒకరు చెబితే ఇద్దరు దొరికిపోతారు.

ముందు ఒక గురక లాంటి శబ్దం వచ్చింది. తర్వాత మెత్తలు కదిలాయి. బూ నవ్వాఫ్ నవ్వుతున్నారు. గడ్డం ఊగేలా, కళ్ళనీళ్ళు వచ్చేలా, పేరులో ఎప్పుడో ఆగిపోయిన నవ్వు ఇప్పుడే ఎవరో స్విచ్ వేసినట్టు నవ్వుతున్నారు. ఆయన నవ్వడం చూసి మాస్టారు నవ్వారు, మాస్టారిని చూసి ఉమ్ ఫవాజ్ బూరె పక్కన పెట్టి మరీ నవ్వింది. ఎందుకో తెలియని పుట్టింటివాళ్ళు కూడా నవ్వేశారు.

"తర్ఫా అమ్మా," అన్నారు బూ నవ్వాఫ్ కళ్ళు తుడుచుకుంటూ, "అయితే చివరికి దాన్ని ఎవరూ తినలేదన్నమాట!"

తర్ఫా ముగ్గురి కప్పుల్లోనూ కహ్వా పోసింది. కాఫీ కూజా కింద పెట్టి, నాచు వైపు ఒక వంటమనిషి మరో వంటమనిషి పనిని చూసినట్టు చూసింది.

"నేను తిన్నాను" అంది. "వీడు నిమ్మకాయ పిండనివ్వలేదు గానీ, పిండి ఉంటే ఇంకా బాగుండేది."